గంజాయికి జైలూ వద్దు, దుకాణమూ వద్దు

మా పేటలో ఒక తల్లి ఉంది. నెలకోసారి తెల్లారకముందే లేచి, మొదటి బస్సు పట్టుకుని కొడుకును చూడ్డానికి జైలుకు పోతుంది. ఆ రోజు కూలి పోయినట్టే. పైన బస్సు చార్జీలు. లోపలికి పిలిచేదాకా గేటు బయట ఎండలో కూచుంటుంది. జాలీకి అవతల కొడుకు, ఇవతల తల్లి. నాలుగు మాటలు మాట్లాడేసరికి టైమైపోయిందంటారు. చీకటి పడ్డాక ఇల్లు చేరుతుంది. ఇలా రెండేళ్ళు దాటింది. కేసు ఇంకా విచారణకే రాలేదు.

ఆ కుర్రాడు నా దగ్గర చదువుకున్నవాడే. ఐదో తరగతిలో వాడికి కిలోలు, గ్రాములు నేర్పింది నేనే. పది తప్పాక చదువు మానేశాడు. కొన్నాళ్ళు ఇటుక బట్టీ, కొన్నాళ్ళు సెంట్రింగు పని. పని దొరకని నెలలో ఒకడు మోటారు సైకిలు మీద వచ్చి రెండు బ్యాగులు చేతికిచ్చాడు. రైల్లో తీసుకుపోయి ఫలానా చోట అప్పజెప్పితే ఐదు వేలన్నాడు. బ్యాగుల్లో ఏముందో వాడికి తెలీదని నేను అబద్ధం చెప్పను. తెలుసు. ఇంట్లో ఐదు వేలంటే ఏమిటో అంతకంటే బాగా తెలుసు. స్టేషన్లోనే పట్టుకున్నారు. తూకం వేశారు. ఇరవై రెండు కిలోలు.

బ్యాగులిచ్చినవాడు దొరకలేదు. అందుకోవలసినవాడూ దొరకలేదు. పెట్టుబడి పెట్టినవాడి పేరు కాగితం మీదికే రాలేదు. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అని మన పెద్దలు ఊరికే అనలేదు.

ఆ తల్లి ఒక రోజు బడి దగ్గరికొచ్చి నన్నడిగింది: "మాస్టారూ, ఆడు తప్పు సేసాడు. నాను కాదన్ను. మరి ఎన్నాళ్ళండి? మీరు సదువుకున్నోరు గదా, సెప్పండి."

చదువుకున్నవాణ్ణే. మా ఇంట్లో డిగ్రీ ముఖం చూసిన మొదటివాణ్ణి. కానీ ఆ పూట నా దగ్గర జవాబు లేదు. తర్వాత చట్టం పుస్తకం తెచ్చుకుని చదివాను. వకీళ్ళను అడిగాను. పేటల్లో, గూడేల్లో తిరిగాను. ఇప్పుడు చెప్తున్నది ఆమెకు, ఆమెలాంటి తల్లులకు, పేటల్లో పనిచేసే మన కార్యకర్తలకు.

పట్నం చర్చలో మనమెక్కడ?

గంజాయిని చట్టబద్ధం చెయ్యాలా వద్దా అని పట్నాల్లో చాన్నాళ్ళుగా చర్చ నడుస్తోంది. 2016లో పాటియాలా ఎంపీ డాక్టర్ ధర్మవీర గాంధీ మత్తు పదార్థాల చట్టాన్ని సవరించాలని ప్రైవేటు బిల్లు తయారుచేశారు. 2018లో ఎంపీ శశి థరూర్ చట్టబద్ధం చెయ్యడమే మేలని వ్యాసం రాశారు. "సారాకంటే గంజాయి నయం, పన్ను వేసుకోండి, ఖజానా నిండుతుంది" అనేది ఒక పక్షం వాదన. రెండో పక్షానికి ఒకటే మాట వచ్చు. "ఉక్కుపాదం మోపుతాం."

మొదటి పక్షంవాళ్ళకు గంజాయి అంటే తమ గదిలో తాము పీల్చుకునే స్వేచ్ఛ. రెండో పక్షంవాళ్ళకు పత్రికలో ఫోటో: ముందు మూటలు, వెనక పోలీసులు, మధ్యలో ముఖానికి ముసుగేసి కూచోబెట్టిన నలుగురు కూలీలు. ఆ ముసుగుల కింద ఉన్నది ఎవరు? మాల మాదిగ పేటల పిల్లలు, గిరిజన గూడేల పిల్లలు, బీసీ కూలీల పిల్లలు. ఈ చర్చలో మనల్ని ఎవరూ అడగలేదు. అడగనక్కర్లేదు, మనమే చెబుదాం.

ఒకే మొక్క, రెండు న్యాయాలు

మొదట చట్టం సంగతి. తెల్లవాడి కాలంలో గంజాయి సర్కారు లైసెన్సు మీద దుకాణాల్లోనే అమ్మేవారు. 1893లో బ్రిటిష్ ప్రభుత్వం గంజాయి, భంగు, చరస్ మీద విచారణకు ఒక కమిషన్ వేసింది. 1894లో ఆ కమిషన్ ఏడు సంపుటాల నివేదిక ఇచ్చింది. మితంగా వాడితే పెద్ద హాని లేదు, పూర్తిగా నిషేధించక్కర్లేదు, పన్ను వేసి అదుపులో పెట్టండి అన్నది దాని సారం. తెల్లవాడికి మన ఆరోగ్యం మీద అంత దిగులేమీ లేదు. ఆబ్కారీ రాబడి మీద ఉంది.

1961లో ఐక్యరాజ్య సమితి మత్తు మందుల ఒప్పందం వచ్చింది. మన దేశం సంతకం పెట్టింది. దాని ఒత్తిడితో 1985లో, రాజీవ్ గాంధీ ప్రధానిగా ఉన్నప్పుడు, పార్లమెంటు ఎన్‌డీపీఎస్ చట్టం చేసింది. నవంబరు 14 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ రోజు నుంచి గంజాయి నేరం.

కానీ గంజాయి మొక్క మొత్తం నేరం కాదు! ఇక్కడే ఉంది కిటుకు. చట్టం ప్రకారం పూత, పూమొగ్గల కొసలు గంజాయి. జిగురు చరస్. ఒట్టి ఆకు మాత్రం గంజాయి కిందికి రాదు. ఆకు నూరితే భంగు. ఉత్తరాదిలో కొన్ని రాష్ట్రాల్లో భంగుకు సర్కారు లైసెన్సు దుకాణాలే ఉన్నాయి. హోలీకి, శివరాత్రికి పెద్ద పెద్దోళ్ళు పాలల్లో కలుపుకుని తాగుతారు. అది ప్రసాదం. కుంభమేళాలో సాధువు చిలుము వెలిగిస్తే ఫోటోలు తీసి పత్రికల్లో వేస్తారు. అది సంప్రదాయం. ఆ ఆకు రసమే "విజయ" పేరుతో సీసాల్లో పోసి, ఆయుర్వేదం లేబులు అంటించి, నిద్ర పట్టడానికనీ నొప్పులకనీ కంపెనీలు అమ్ముతున్నాయి. అది వ్యాపారం. ఆ మొక్క పూత మూటగట్టి మా పేట కుర్రాడు మోస్తే పదేళ్ళు.

ఒకే మొక్క. గుడిలో ఒక న్యాయం, కంపెనీకి ఒక న్యాయం, కూలివాడికి ఒక న్యాయం. మన జనానికి ఇది కొత్త కాదు. ఒకే చెరువుకు రెండు రేవులుండటం మనం చూసిందే.

మూట బరువు తూస్తారు, మూట ఎవరిదో చూడరు

గంజాయి కేసులో శిక్ష తూకాన్ని బట్టి ఉంటుంది. కిలో దాకా చిన్న మొత్తం. ఏడాది దాకా జైలు, లేదా పది వేల దాకా జరిమానా, లేదా రెండూ. కిలో దాటి ఇరవై కిలోల దాకా పదేళ్ళ వరకూ శిక్ష వెయ్యవచ్చు. ఇరవై కిలోలు దాటితే దాన్ని వ్యాపార మొత్తం అంటారు. అక్కడ పదేళ్ళకు తక్కువ శిక్ష వెయ్యడానికి జడ్జికి కూడా అధికారం లేదు. ఇరవై ఏళ్ళ దాకా వెయ్యవచ్చు. జరిమానా లక్షకు తగ్గదు.

ఇప్పుడు లెక్క చూడండి. ఇరవై రెండు కిలోలు కూలికి మోసిన కుర్రాడూ, లారీలో రెండు టన్నులు తోలించిన వ్యాపారీ ఒకే గాటన పడ్డారు. పైగా వ్యాపారి లారీ ఎక్కడు. కుర్రాడు రైలెక్కక తప్పదు.

ఇంతకన్నా దారుణం బెయిలు. 37వ సెక్షను ఏమంటుందంటే, వ్యాపార మొత్తం కేసుల్లో ముద్దాయి నేరం చెయ్యలేదని నమ్మడానికి కారణాలున్నాయనీ, బయటికొస్తే మళ్ళీ నేరం చెయ్యడనీ కోర్టుకు నమ్మకం కలిగితేనే బెయిలివ్వాలి. విచారణే జరగనప్పుడు నిర్దోషినని ముందే ఎలా నమ్మించాలి? ఐదు వేలకు మూట మోసినవాడు ఏ వకీలును పెట్టుకుని నమ్మించాలి? వాడికి శిక్ష కోర్టు తీర్పుతో మొదలు కాలేదు. పట్టుకున్న రోజునే మొదలైంది.

2023లో సుప్రీంకోర్టు ఒక గంజాయి కేసు చూసింది. ముద్దాయి జైల్లో పడి ఏడేళ్ళు దాటినా విచారణ తేలలేదు. ఇంత ఆలస్యమైతే 37వ సెక్షను ఉన్నా బెయిలివ్వవచ్చని కోర్టు చెప్పింది. మంచి మాటే. కానీ ఆ మాట ఢిల్లీ నుంచి మా తాలూకా కోర్టుకు నడిచొచ్చేసరికి ఎన్నేళ్ళు పడుతుంది?

2021 అక్టోబరులో ముంబైలో ఒక పెద్ద సినిమా హీరో కొడుకును మత్తు మందుల కేసులో పట్టుకున్నారు. దేశంలో పేరున్న వకీళ్ళందరూ దిగారు. నెల తిరక్కుండా బెయిలొచ్చింది. 2022 మేలో ఆధారాల్లేవని కేసులోంచే తప్పించారు. అది తప్పని నేననను. ఆధారం లేనప్పుడు వదిలెయ్యాల్సిందే. నేను అడిగేదల్లా ఆ తొందర మా పేట కుర్రాడికి ఎందుకు ఉండదని. 2022 లెక్కల ప్రకారం ఈ దేశపు జైళ్ళలో ఉన్నవాళ్ళలో నాలుగింట మూడు వంతులు శిక్ష పడనివాళ్ళే, విచారణ ఖైదీలే. అందులో దాదాపు మూడింట రెండు వంతులు ఎస్సీలు, ఎస్టీలు, బీసీలు. తెలుగులో దీన్ని న్యాయవ్యవస్థ అంటున్నాం.

కొండ మీద కాలింది ఎవరి పంట?

విశాఖ ఏజెన్సీ, అంటే 2022 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లా. చింతపల్లి, గూడెం కొత్తవీధి, పెదబయలు, ముంచింగిపుట్టు. సరిహద్దు దాటితే ఒడిశా మల్కనగిరి, కోరాపుట్. "శీలావతి" అని పేరుపెట్టి దేశమంతా అమ్ముకుంటున్న గంజాయి ఈ కొండలదే. విత్తనం ఇచ్చేది పై వ్యాపారి. అడ్వాన్సు ఇచ్చేది పై వ్యాపారి. కొనేదీ, ధర కట్టేదీ అతనే. గిరిజనుడిది చేను, చాకిరీ, చివరికి కేసు.

2021 అక్టోబరు ఆఖరులో పోలీసులు "ఆపరేషన్ పరివర్తన" మొదలుపెట్టారు. ఏడు వేల ఎకరాలకు పైగా తోటలు నరికేశామన్నారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర రెండు లక్షల కిలోల గంజాయిని కుప్పపోసి తగలబెట్టారు. టీవీల్లో చూపించారు. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం "ఈగిల్" పేరుతో ప్రత్యేక దళం పెట్టింది. కొండ మీద సాగు చాలా తగ్గిందని అంటున్నారు. తగ్గితే మంచిదే. గంజాయి తోట గిరిజనుడికి బాగు చేసిందని నేను ఏనాడూ అనను. తోట వేసినవాడి ఇల్లు అలాగే ఉంది, కొనుక్కుపోయినవాడే మేడ కట్టాడు.

మరి తోట నరికిన తర్వాత? కాఫీ మొక్క వేస్తే మూడు నాలుగేళ్ళకు గానీ కాపు రాదు. మిరియం తీగ పాకాలంటే ఇంకా ఓపిక పట్టాలి. ఆరేడు నెలల్లో చేతికి డబ్బొచ్చే పంట తీసేసి, నాలుగేళ్ళు ఆగమంటే మధ్యలో ఏం తినాలి? మొక్కలు ఇచ్చాం, విత్తనాలు పంచాం అంటారు. కడుపు మొక్కతో నిండదు. పంట చేతికొచ్చే దాకా కూలి ఇవ్వండి, పసుపు పిప్పళ్ళకు ధర కట్టండి, గిరిజన సహకార సంస్థ చేత నేరుగా కొనిపించండి. అప్పుడు వ్యాపారి బండి కొండెక్కినా ఎవరూ ఎదురెళ్ళరు. అది చెయ్యకుండా కేసులు పెడితే పండించినవాడు కూలివాడవుతాడు, కూలివాడు మూట మోస్తాడు. అంతే తేడా.

"అయితే దుకాణం పెట్టేద్దామా?"

ఇంత చెప్పాక పట్నం మిత్రుడు సంతోషపడతాడు. "అందుకే మాస్టారూ, చట్టబద్ధం చేసేస్తే కేసులూ ఉండవు, జైళ్ళూ ఉండవు" అంటాడు.

ఆగు నాయనా. సర్కారు మత్తు దుకాణం ఎలా ఉంటుందో నువ్వు పుస్తకంలో చదివావు. మేం మా ఇంట్లో చూశాం.

1980ల్లో "వారుణి వాహిని" అని పేరుపెట్టి ప్రభుత్వం సారాను ప్యాకెట్లలో పోసి ఊరూరా పంపింది. మా ఊళ్ళో మంచినీళ్ళ కుళాయి లేదు, సారా కొట్టు ఉంది. మా నాన్న కూలి డబ్బులు ఇంటికి రాకముందే ఆ కొట్టులో ఆగిపోయేవి. 1992లో నేను ఏడో తరగతి. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారన్న వార్త మా దాకా వచ్చింది. ఆ వార్త వచ్చాక మా అమ్మ, మా పేట ఆడవాళ్ళు చీపుళ్ళు పట్టుకుని కొట్టు ముందు కూచున్నారు. కొట్టువాడు ఊరి పెద్ద బావమరిది. తిట్టాడు, కులం పేరెత్తాడు, మనుషుల్ని పంపాడు. వాళ్ళు లేవలేదు. రాష్ట్రమంతా అలా లేచింది. వేలం పాటలు ఆగిపోయాయి. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. 1997లో ఖజానాకు కష్టమొచ్చిందని దాన్ని ఎత్తేశారు.

ఆ తర్వాత కథ మీకు తెలిసిందే. లైసెన్సు దుకాణం ఊరి మొదట్లో, బెల్టు షాపు పేట మధ్యలో. 2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో కొత్త మద్యం విధానం వచ్చింది. క్వార్టరు 99 రూపాయలకే అందిస్తామని గొప్పగా చెప్పుకున్నారు. ఉపాధి హామీ కూలి నెలల తరబడి అందకపోయినా క్వార్టరు మాత్రం అందాలి! ఒకసారి సర్కారు ఖజానా మత్తుకు అలవాటు పడితే దాన్ని మాన్పించే ఆస్పత్రి లేదు. తాగేవాడు మానేసినా తాగించేవాడు మానడు.

ఈ సర్కారు చేతికే గంజాయి దుకాణాన్ని కూడా ఇమ్మంటావా? లైసెన్సు ఎవరికొస్తుంది? డిపాజిట్టు కట్టగలవాడికి. కొండ మీద సాగు ఎవరికొస్తుంది? కంపెనీకి. ఉత్తరాఖండ్‌లో 2018లో మత్తు లేని జనపనార రకం గంజాయి సాగుకు లైసెన్సులు మొదలయ్యాయి. ఇలాంటి లైసెన్సు కాగితాలు నింపగలిగేది, ప్రయోగశాల పరీక్షలు చేయించగలిగేది పెట్టుబడి ఉన్నవాడే గాని పోడు రైతు కాదు. నిన్నటిదాకా అదే మొక్కకు జైలుకెళ్ళిన గిరిజనుడు రేపు ఆ కంపెనీ తోటలో దినసరి కూలీ అవుతాడు. పెనం మీంచి పొయ్యిలో పడటమంటే ఇదే.

పై దేశాల సంగతి

మన మాట ఒక్కటే చెప్పుకుంటే బావిలో కప్ప అంటారు. బయట ఏం జరిగిందో కూడా చూద్దాం.

అమెరికాలో తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ గంజాయి ఇంచుమించు ఒకేలా వాడతారు. కానీ గంజాయి దగ్గరుందని అరెస్టయ్యే అవకాశం నల్లవాళ్ళకు దాదాపు నాలుగు రెట్లు ఎక్కువని అక్కడి పౌరహక్కుల సంఘం ఏసీఎల్‌యూ 2013లో లెక్క తేల్చింది. ఇది మన కథే, రంగు మారిందంతే. 2014లో కొలరాడోలో దుకాణాలు తెరిచారు. తర్వాత చాలా రాష్ట్రాలు అదే బాట పట్టాయి. జైలుకెళ్ళింది నల్లవాళ్ళు, షాపులు పెట్టుకుని కోట్లు గడించింది ఎక్కువగా తెల్లవాళ్ళు. అన్యాయం కళ్ళకు కట్టాక కొన్ని రాష్ట్రాలు పాత కేసులు కొట్టేయడం, నష్టపోయినవాళ్ళకు లైసెన్సుల్లో ముందు చోటివ్వడం మొదలుపెట్టాయి. ముందు దుకాణం, తర్వాత న్యాయం అనుకుంటే ఇలాగే ఉంటుంది.

థాయిలాండ్ 2022 జూన్‌లో గంజాయిని నిషేధ జాబితా నుంచి తీసేసింది. అదుపు చేసే చట్టం లేకుండానే తలుపులు తీసింది. వీధివీధినా షాపులు వెలిశాయి. మూడేళ్ళు తిరిగేసరికి, 2025 జూన్‌లో, డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని మళ్ళీ తలుపులు మూసింది.

పోర్చుగల్ వేరే దారి పట్టింది. 2001 జులై నుంచి అక్కడ పది రోజుల వాడకానికి మించకుండా మత్తు పదార్థం దగ్గర పెట్టుకున్నవాణ్ణి జైలుకు పంపరు. చట్టం తెలిసినవాళ్ళు, వైద్యం, సంక్షేమం తెలిసినవాళ్ళు ఉండే ముగ్గురు సభ్యుల సంఘం ముందుకు పంపుతారు. వాళ్ళు మాట్లాడి, అవసరమైతే చికిత్సకు పంపుతారు. అమ్మకం మాత్రం అక్కడ ఇప్పటికీ నేరమే. జర్మనీ 2024 ఏప్రిల్ 1 నుంచి పెద్దవాళ్ళు పాతిక గ్రాములు దగ్గర పెట్టుకోవచ్చంది, కానీ బజారులో దుకాణాలు తెరవలేదు.

అంటే జైలుకూ దుకాణానికీ మధ్య దారి ఉంది. ఊహించి చెప్పడం లేదు, నడిచినవాళ్ళున్నారు.

గంజాయి మంచిదని ఎవరన్నారు?

ఇక్కడ మన కుర్రకారుతో ఒక మాట. మాస్టారు జైలు వద్దన్నాడు కాబట్టి పీల్చుకోమన్నాడని చెప్పుకోకండి. నేను ఆ మాట అనలేదు, అనను.

పీల్చేవాళ్ళలో పది మందికి ఒకరు దానికి బానిస అవుతారు. చిన్న వయసులో మొదలుపెట్టినవాళ్ళలో అయితే ఆరుగురికి ఒకరు. ఎదిగే వయసులో జ్ఞాపకశక్తి మీద, చదువు మీద దెబ్బ కొడుతుంది. ఘాటు సరుకు రోజూ పీలిస్తే కొందరికి మతి చలిస్తుంది. లేనివి వినపడతాయి, కనపడతాయి. మా బళ్ళో తొమ్మిదో తరగతి పిల్లవాడు ఒకడు ప్రహరీ వెనక పీలుస్తూ దొరికాడు. లెక్కల్లో ముందుండేవాడు, ఏడాదిలో అన్నింట్లో వెనకబడ్డాడు. టీసీ ఇచ్చి పంపేద్దామన్నారు కొందరు. పోలీసులకు చెబుదామన్నారు ఇంకొందరు. పంపేస్తే ఎక్కడికి పోతాడు? మోటారు సైకిలువాడి దగ్గరికే పోతాడు. అందుకే నేనూ ఇంకో టీచరూ వాడి తల్లిదండ్రుల్ని కూచోబెట్టి మాట్లాడాం. చికిత్స చేయిద్దామంటే మండలంలో ఎక్కడా లేదు. పట్నం పోవాలి. నాలుగుసార్లు తీసుకెళ్ళాం. వాడు పది పాసయ్యాడు. ఒక్కడి విషయంలో ఇంత కష్టపడాల్సొచ్చింది. అందరికీ ఇద్దరు టీచర్లు దొరకరు.

దేశం మొత్తం సంగతి చూద్దాం. కేంద్ర ప్రభుత్వం ఎయిమ్స్ చేత చేయించిన సర్వే 2019లో వచ్చింది. దాని ప్రకారం మద్యం తాగేవాళ్ళు 16 కోట్ల మంది. భంగు, గంజాయి, చరస్ వాడేవాళ్ళు 3 కోట్ల 10 లక్షలు. అందులో కూడా ఎక్కువమంది వాడేది చట్టం ఒప్పుకున్న భంగే. మద్యానికి బానిసైనవాళ్ళలో 38 మందికి ఒకరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. మత్తు మందులకు బానిసైనవాళ్ళలో 20 మందికి ఒకరికి. పట్టుకోవడానికి దళాలున్నాయి, డ్రోన్లున్నాయి, కుక్కలున్నాయి. బాగు చెయ్యడానికి మంచం లేదు.

బాబాసాహెబ్ 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో మన జనం చేత చేయించిన 22 ప్రతిజ్ఞల్లో మద్యం తాగనన్నది ఒకటి. అది మన జనం తమకు తాము పెట్టుకున్న కట్టు. ఒళ్ళు, బుద్ధి మన చేతిలో ఉంటేనే పోరాటం మన చేతిలో ఉంటుందని. కానీ ఆ ప్రతిజ్ఞ తప్పినవాణ్ణి పదేళ్ళు జైల్లో పెట్టమని ఆయన అనలేదు. తప్పినవాడూ మనవాడే.

"దుకాణం వద్దంటే దొంగవ్యాపారం పోదు కదా?" అని అడగవచ్చు. నిజమే, పూర్తిగా పోదు. నలభై ఏళ్ళుగా జైళ్ళు నింపితే పోయిందా? దొంగవ్యాపారం డబ్బు మీద నడుస్తుంది. ఆ డబ్బు దారి పట్టుకుని పోతే ఇసుక, మద్యం, రియల్ ఎస్టేట్ చేసే పెద్దల గుమ్మాల దాకా పోవాలి. గంజాయి సొమ్ముతో కొన్న ఆస్తులు జప్తు చేసే అధికారం ఈ చట్టంలోనే ఉంది. మోసేవాడి మీద 37వ సెక్షను వాడినంత చురుగ్గా ఆస్తుల మీద ఆ అధికారం వాడితే చాలు, మూటలు ఇచ్చేవాడు కరువవుతాడు.

మనం అడగాల్సింది

1. సొంత వాడకానికి కొద్దిగా దగ్గరున్నవాణ్ణి జైలుకు పంపొద్దు. చికిత్సకు ముందుకొచ్చినవాడి మీద కేసు నడపకూడదని 64ఎ సెక్షను ఇప్పటికే చెబుతోంది. దాన్ని అమలు చెయ్యండి. 2021లో కేంద్ర సామాజిక న్యాయ శాఖ కూడా వాడేవాళ్ళను నేరస్తుల్లా చూడొద్దని సలహా ఇచ్చింది. ఆ సలహా బయటికి తియ్యండి.

2. కూలికి మోసినవాడికీ వ్యాపారికీ తేడా చూసేలా చట్టం మార్చండి. బరువుతో పాటు మనిషి పాత్ర కూడా తూయండి. ఏడాదిలో విచారణ ముగించలేకపోతే బెయిలివ్వండి.

3. గంజాయి సాగు చేసిన గిరిజన రైతుల మీది కేసులు ఎత్తేయండి. మారు పంట చేతికొచ్చే దాకా నెలనెలా బతకడానికి డబ్బివ్వండి.

4. పెట్టుబడి పెట్టినవాళ్ళ ఆస్తులు జప్తు చెయ్యండి. పేర్లు బయటపెట్టండి.

5. గంజాయికి సర్కారు దుకాణం వద్దు, కంపెనీ లైసెన్సు వద్దు, ప్రకటనలు వద్దు. మందు కోసమో నార కోసమో ఎప్పుడైనా సాగుకు అనుమతిస్తే అది గిరిజన సహకార సంఘాలకే ఇవ్వాలి.

6. ప్రతి ఏరియా ఆస్పత్రిలో మత్తు మాన్పించే వార్డు పెట్టండి. పేటల్లోని బెల్టు షాపులు ఎత్తేయండి.

ప్రభుత్వం విననప్పుడు మనం చెయ్యగలిగినవీ ఉన్నాయి. ఎస్సీలకు, ఎస్టీలకు, ఆడవాళ్ళకు, జైల్లో ఉన్నవాళ్ళకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును పెట్టించే హక్కు 1987 న్యాయ సేవల చట్టంలో ఉంది. జిల్లా కోర్టు ఆవరణలోనే ఆ ఆఫీసు ఉంటుంది. కార్యకర్తలు తమ మండలంలో ఎవరెవరు ఈ కేసుల్లో లోపలున్నారో పేర్లు రాసుకుని, వాళ్ళ తల్లుల్ని వెంటబెట్టుకుని అక్కడికి పోవాలి. మత్తు మానాలనుకునేవాళ్ళకు 14446 అని ఉచిత ఫోను నంబరుంది, చెప్పండి. ప్రతి పేటలో, ప్రతి గూడెంలో గోడ మీద పెద్దక్షరాలతో రెండు అంకెలు రాయండి: ఇరవై కిలోలు, పదేళ్ళు. మోటారు సైకిలువాడు వచ్చినప్పుడు మన కుర్రాళ్ళకు ఆ గోడ గుర్తు రావాలి.

నేను ఐదో తరగతిలో వెయ్యి గ్రాములు ఒక కిలో అని చెప్పాను. ఇరవై కిలోలు దాటితే పదేళ్ళని చెప్పలేదు. అప్పుడు నాకే తెలీదు. ఇప్పుడు చెబుతున్నాను. మీరూ మీ పక్కవాళ్ళకు చెప్పండి.

ఆ తల్లి వచ్చే నెల మళ్ళీ మొదటి బస్సు ఎక్కుతుంది. ఈసారి ఆమె ఒక్కతే కాదు, మేమూ ఎక్కుతున్నాం. ముందు జైలుకు, అక్కణ్ణుంచి న్యాయ సేవల ఆఫీసుకు.

జై భీమ్!